కాళ్లే కూర్చోవటం లేదండి

"ఇంకో గౌను పెట్టు. హాస్టల్లో వారానికి ఒక్కసారే ఉతుకుతారట," అన్నాడు కృపారావు.

పుష్పలత కదల్లేదు. ఆమె ఒళ్లో రెండేళ్ల శాము పడుకుని ఉన్నాడు. జ్వరం జారిందిగాని, ఊపిరి తీసినప్పుడల్లా వాడి గుండెల్లో గరగర ఇంకా వినబడుతూనే ఉంది.

"నీతోనే మాట్లాడుతున్నాను."

"వినబడుతోందండి."

"మరి లే."

ఆమె లేవలేదు. కృపారావు తనే వెళ్లి దండెం మీది గౌను తీసి, అంచులు కలిపి మడతపెట్టి, ట్రంకుపెట్టెలో సర్దాడు. పక్కూరి ఎలిమెంటరీ స్కూలుకి అతను హెడ్మాస్టరు. ఏ పని చేసినా వంకర ఉండదు. పెళ్లినాడు పుష్పలత పుట్టింటినుంచి తెచ్చుకున్న ఆ పెట్టెని పొద్దున చర్చినుంచి వస్తూనే అటకమీదనుంచి దింపాడు. రేపు మొదటి బస్సుకి సఖినేటిపల్లి వెళ్లడం, రేవు దాటడం, నర్సాపురం హాస్టల్లో పిల్లని అప్పజెప్పి రావడం. అంతా అతను ఒక్కడే ఆలోచించుకున్నాడు. ఎవర్నీ అడగలేదు.

శుక్రవారం సాయంత్రం జరిగినదాని గురించి ఆ ఇంట్లో ఎవరూ పెదవి విప్పటం లేదు. అందరి కళ్లముందూ అదే.

ఆవేళ కాలవరేవులో పిల్లల దగ్గరున్న పుష్పలత, ఎసరు పొంగుతోందని ఇంట్లోకి వెళ్లింది. వెళ్తూ, "తమ్ముణ్ణి చూస్తూ ఉండవే, ఇప్పుడే వస్తాను," అని ఎనిమిదేళ్ల కరుణకి చెప్పింది. అంతలో కాలవలో కొబ్బరికాయల పడవ వచ్చింది. కరుణ దాంతోపాటు గట్టు వెంట పరిగెత్తింది. రేవుమెట్టు మీద కూర్చున్న శాము జారాడు. పక్క రేవులో బట్టలు ఉతుక్కుంటున్న బుజ్జమ్మ చూసి నీళ్లలోకి దూకింది కాబట్టి ఈవేళ వాడు ఒళ్లో ఉన్నాడు.

ఆ సాయంత్రమే కృపారావు బళ్లోంచి బెత్తం తెప్పించాడు. కరుణ పిక్కలమీద చారలు ఇంకా నల్లగానే ఉన్నాయి.

ఇప్పుడు ఆ పిల్ల గోడపక్క పీటమీద ఉంది. నాన్న కదలొద్దన్నాడు. చేతులు కట్టుకునే ఉంది. మడమలు మాత్రం పీటకోళ్లని టకటక కొడుతున్నాయి. ఉన్నట్టుండి వంగి, పెట్టె గడియని వేలితో పైకీ కిందకీ ఆడించడం మొదలుపెట్టింది.

"ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేవా నువ్వు?" అని గద్దించాడు కృపారావు.

పిల్ల ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. "కూర్చుంటున్నానండి నాన్నగారూ. కాళ్లే కూర్చోవటం లేదండి."

అది పెంకెతనం కాదని పుష్పలతకి తెలుసు. నిజంగానే తన కాళ్లమీద తనే ఫిర్యాదు చేస్తున్నట్టుంది పిల్ల. కృపారావుకి అలా వినబడలేదు. చెయ్యెత్తాడు.

"ఏవండీ!"

ఆ ఒక్క కేకకి శాము కదిలాడు. కృపారావు చెయ్యి దించి భార్యవైపు తిరిగాడు.

"చూసేవా? ఎదురు సమాధానాలు. నీ ముద్దు వల్లే ఇదంతా. ఒక్క పిల్లకి బుద్ధి నేర్పలేకపోయేవు నువ్వు."

ఈ మాట పుష్పలతకి కొత్త కాదు. చర్చిలో పిల్ల బెంచీల కింద దూరినప్పుడు ఎవరెవరో వెనక్కి తిరిగి చూసిన చూపులోనూ అదే. పలక పోగొట్టుకొచ్చిందనీ, చెప్పులు ఎక్కడో వదిలేసిందనీ, పెరుగు కుండ పగలగొట్టిందనీ అత్తగారు సువార్తమ్మ నిట్టూర్చిన ప్రతి నిట్టూర్పులోనూ అదే. వినీ వినీ తనకీ నమ్మకం కుదిరింది. శుక్రవారంనాడు తడిసిన శామూని గుండెకి హత్తుకున్నప్పుడు, గట్టుమీద బిక్కచచ్చి నిలబడ్డ కూతుర్ని చూసి, ఒక్క క్షణం, అది తన కడుపున పుట్టకపోతే బావుండునని కూడా అనుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోలేక మూడు పూటలనుంచి అన్నం సయించడం లేదు.

"మాట్లాడవేం?" అన్నాడు కృపారావు.

"ఏం మాట్లాడమంటారండి? పెట్టె మీరే దింపేరు. గౌన్లు మీరే సర్దుతున్నారు."

అరుగుమీద ఎవరిదో అలికిడి అయింది. "అమ్మగారూ, లోపలికి రావొచ్చాండి?" అన్న మాట వినబడింది.

ఈ ఊరి బళ్లో కరుణ క్లాసు టీచరు సరోజిని వచ్చింది. చేతిలో నాలుగు బత్తాయిలున్నాయి. పిల్లాణ్ణి చూసిపోదామని చర్చి అయిపోగానే బయల్దేరిందట. గుమ్మంలోనే పెట్టె చూసింది, పీటమీది పిల్లని చూసింది. పిల్ల కాళ్లవైపు చూసి తల తిప్పుకుంది.

"హాస్టలుకాండీ?" అని నెమ్మదిగా అడిగింది.

"ఆయ్. రేపే," అన్నాడు కృపారావు.

"మేష్టారూ, మీరు పెద్దవారు. నేను చెప్పేదాన్ని కాదుగాని... కరుణ లెక్కలు ఎలా చేస్తుందో మీకు తెలుసాండి? కూర్చోబెడితే సగంలో వదిలేస్తుంది. కిటికీ పక్కన నిలబెడితే అందరికంటే ముందు చేసేస్తుంది. అందుకని నిలబెడుతున్నానండి. శిక్ష కాదు, దాని సుఖం కోసమే."

"ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెబితే కూర్చోబెట్టమంటారని చెప్పలేదండి."

కృపారావు మొహం ఎర్రబడింది. సరోజిని భయపడలేదు. "కిందటి వేసవిలో కాకినాడ ట్రైనింగులో పిల్లల డాక్టరుగారు ఒకాయన వచ్చి మాట్లాడేరండి. ముత్యాలరాజు గారని. కొంతమంది పిల్లలు ఇలా ఎందుకుంటారో చెప్పేరు. ఆయన చెబుతున్నంతసేపూ నాకు కరుణే కనబడింది. నాకు తెలిసింది అంతేనండి. ఒక్కసారి ఆయనకి చూపించండి."

"నా కూతురికి పిచ్చంటావా అమ్మా?"

"అయ్యో, ఎంత మాటండీ! పిచ్చైతే లెక్కలెలా చేస్తుందండి?"

బత్తాయిలు బల్లమీద పెట్టి, శాము నుదురు తాకి చూసి, సరోజిని లేచింది. వెళ్తూ కరుణ తల నిమిరింది. పిల్ల ఆ చేతిని పట్టుకుని వదల్లేదు. వేళ్లు విడదీసుకుని వెళ్లాల్సి వచ్చింది.

ఆవిడ వీధి దాటేదాకా ఆగి, పుష్పలత శామూని మంచంమీద పడుకోబెట్టి లేచి నిలబడింది.

"ఒక్కసారి చూపిద్దామండి. ఆ డాక్టరుగారు కూడా హాస్టలే మంచిదంటే, ఈ పెట్టె నేనే నెత్తిన పెట్టుకుని రేవుకొస్తాను. మళ్లీ నోరెత్తను."

పెళ్లయి పదేళ్లయింది. భర్త ఒక పని తేల్చి చెప్పాక ఆమె ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి. కృపారావు ఏదో అనబోయాడు. అంతలో వసారాలోంచి సువార్తమ్మ గొంతు వినబడింది.

"వెళ్లి రారా కృపా. పిల్లాణ్ణి నేను చూసుకుంటాను."

ఆడపిల్ల గెంతితేనే సహించని మనిషి. అత్తగారు ఆ మాట ఎందుకన్నదో పుష్పలతకి అప్పుడు బోధపడలేదు. కారణం అడిగే ధైర్యమూ లేదు, అడిగి చెడగొట్టుకోవడం ఇష్టమూ లేదు.

* * *

అమలాపురందాకా ఒక బస్సు, అక్కణ్ణించి ముక్తేశ్వరం ఇంకో బస్సు. అక్కడ పంటు ఎక్కి గోదావరి దాటితే కోటిపల్లి, అక్కణ్ణించి కాకినాడకి మళ్లీ బస్సు. దారిపొడుగునా పుష్పలత కూతురి మణికట్టు వదల్లేదు. పంటుమీద కరుణ దాన్ని నడిపే సరంగుని ప్రశ్నలతో ముంచేసింది. నీళ్లు ఎటు పోతున్నాయి, మనం ఎందుకు వంకరగా వెళ్తున్నాం, తాడు తెగితే ఏమవుతుంది. ఒక ప్రశ్నకి జవాబు వచ్చేలోపు ఇంకో ప్రశ్న. కృపారావు ఆ పిల్ల తనది కానట్టు అవతలి ఒడ్డుకేసి చూస్తూ నిలబడ్డాడు.

డాక్టరు ముత్యాలరాజు గారు యాభై దాటిన మనిషి. గదిలోకి వెళ్లగానే కరుణ బరువు తూచే మిషనెక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. బల్లకింద దూరి చూసింది. గుండ్రటి స్టూలుమీద కూర్చుని గిర్రున తిరిగింది.

"కరుణా!" అన్నాడు కృపారావు.

"వదిలేయండి మేష్టారూ. నేను చూడాల్సింది అదే," అన్నారాయన.

చాలాసేపు అడిగారు. ఎప్పుడు నడిచింది, ఎలా నిద్రపోతుంది, అన్నం ముందునుంచి ఎన్నిసార్లు లేస్తుంది, ఏ పనైనా ఒళ్లు మరిచి చేస్తుందా? చివరి ప్రశ్నకి పుష్పలత, "బొమ్మలు వేసేటప్పుడండి. అప్పుడు పిలిచినా పలకదు," అంది. అదీ నేరమేనేమో అన్నట్టు ఉంది ఆమె గొంతు.

డాక్టరుగారు కరుణని పిలిచారు. "అమ్మడూ, ఆ అలమారులో పెన్నుంది, తెచ్చి నాకివ్వు. తరవాత కిటికీ తలుపు వెయ్యి. అది అయ్యాక బయటున్న ఆయాని పిలు."

పిల్ల పరిగెత్తింది. పెన్ను తెచ్చి ఇచ్చింది. కిటికీ దగ్గరికి వెళ్లింది. బయట గోడమీద ఉడత కనబడింది. అంతే. తలుపూ లేదు, ఆయా లేదు. చువ్వలు పట్టుకుని ఉడతతో మాట్లాడుతూ ఉండిపోయింది.

కృపారావు పళ్లు నూరాడు. డాక్టరుగారు లేచి వెళ్లి, పిల్ల భుజంమీద చెయ్యి వేసి, తనవైపు తిప్పుకుని, కళ్లలోకి చూసి, "తలుపు వెయ్యమ్మా," అన్నారు. వేసింది. "ఇప్పుడు ఆయాని పిలు." పరుగున వెళ్లి పిలుచుకొచ్చింది.

"చూసేరా? మూడు మాటలూ ఒక్కసారి చెప్పినప్పుడు వినలేదు. ఒక్కొక్కటీ చెబితే ఒక్కటీ తప్పలేదు. ఇది మొండితనమైతే రెండోసారి కూడా చెయ్యకూడదు కదండీ?"

ఆయన కుర్చీలో కూర్చున్నారు. "ఈ గదిలో ఫ్యాను చప్పుడు చేస్తోంది. బయట రిక్షా గంట కొడుతున్నాడు. ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు. మనం ముగ్గురం అవన్నీ వదిలేసి మాట్లాడుకుంటున్నాం. ఆ వదిలేయడం మీ పాపకి చేతకాదు. అన్నీ ఒకేసారి రమ్మని పిలుస్తూంటాయి. ఏది కొత్తగా కనబడితే దాని వెనక వెళ్లిపోతుంది. ధ్యాస నిలవదు, ఒళ్లూ నిలవదు. ఎటెన్షన్ డెఫిసిట్ డిజార్డర్ అంటున్నారు. పేరు పెట్టి నాలుగేళ్లే అయిందిగాని ఇలాంటి పిల్లలు ఎప్పటినుంచో ఉన్నారు."

"మరి మొన్న శుక్రవారం తమ్ముణ్ణి నీళ్లకి వదిలేసిందండి," అన్నాడు కృపారావు. "దానికేమంటారు?"

డాక్టరుగారు అతనికి జవాబు చెప్పకుండా పిల్లనే దగ్గరికి పిలిచి అడిగారు. "శుక్రవారం ఏమైందమ్మా?"

కరుణ తల్లి కొంగు వేలికి చుట్టుకుంది. "పడవ వచ్చిందండి. వెనక్కి చూస్తే తమ్ముడు లేడండి. పిలిచేను. పలకలేదు." కొంగు విప్పి మళ్లీ చుట్టుకుంది. "రాత్రి వాడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తున్నానండి. ఊపిరి వస్తోందా లేదా అని. రోజూ చూస్తున్నాను. నాన్నగారికి తెలిస్తే నిద్రపోలేదని కొడతారని దుప్పట్లోంచి చూస్తున్నాను."

గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది.

పిల్లని ఆయా బయటికి తీసుకెళ్లాక డాక్టరుగారు అన్నారు. "ఆ పిల్ల తమ్ముణ్ణి వదిలేయలేదు మేష్టారూ. పడవ కనబడగానే తమ్ముడు దాని బుర్రలోంచి జారిపోయేడు. ప్రేమ లేక కాదు. అయినా నేనొకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఎనిమిదేళ్ల పిల్లకి, ఏ పిల్లకైనా సరే, నీళ్ల పక్కన రెండేళ్లవాణ్ణి అప్పజెప్పొచ్చా?"

పుష్పలత తల దించుకుంది. ఆ మాట తనకే తగిలింది, తగలాల్సిందే. "నాదేనండి తప్పు. నా పెంపకమే సరిగా లేదు," అంది.

"అదికాదమ్మా నేనన్నది. కాలవగట్టున ఇంకెప్పుడూ అలా అప్పజెప్పకండి. అదంతే. కాని పిల్ల ఇలా ఉండటం మీ పెంపకం వల్ల కాదు. మీరు ముద్దు చెయ్యబట్టి రాలేదు, కొట్టకపోబట్టి రాలేదు. ఎవరి ఇంట పుట్టినా ఈ పిల్ల ఇలాగే ఉంటుంది."

పుష్పలత ఆయన మొహంలోకి చూసింది. మళ్లీ చెప్పమని అడగాలనిపించింది. సిగ్గుపడి అడగలేదు. కళ్లనుంచి నీళ్లు వాటంతటవే కారుతున్నాయి. కొంగుతో తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేకపోయింది. ఎనిమిదేళ్లనుంచి ఎవరి నోటినుంచీ రాని మాట ఊరుగాని ఊళ్లో, ఏ సంబంధమూ లేని మనిషి చెప్పాడు.

"మందుందాండి?" అని అడిగాడు కృపారావు. గొంతులో హెడ్మాస్టరు లేడు.

"ఉందిగాని మన దగ్గర దొరకడం కష్టం. ముందు చెయ్యాల్సిందీ అది కాదు. ఇప్పుడు నేను చేసినట్టు దగ్గరికెళ్లి, మొహం చూసి, ఒక్కసారి ఒక్క పనే చెప్పండి. చెయ్యగానే మెచ్చుకోండి, సాయంత్రందాకా ఆగకండి. నిలబడి చదువుకుంటానంటే నిలబడనివ్వండి, మీ టీచరమ్మ చేస్తోందన్నారే, అలాగ. ఆవిడకి నా నమస్కారం చెప్పండి. బెత్తం మాత్రం దాచేయండి. దెబ్బ గుర్తుంటుంది, ఎందుకు కొట్టేరో గుర్తుండదు ఈ పిల్లలకి."

"హాస్టల్లో వేస్తే?"

"అక్కడ పిల్ల కాళ్లు ఆగుతాయంటారా? అక్కడా కొడతారు. వాళ్లకి ఈ పిల్ల ఎవరో కూడా తెలియదు."

కృపారావు పిల్ల వెళ్లిన తలుపువైపు చూశాడు.

"పెద్దయ్యేకొద్దీ కొంతమందికి తగ్గుతుందండి. కొంతమందికి ఉండిపోతుంది. ఇంట్లోవాళ్లు వెనకుంటే వాళ్లూ చక్కగానే బతుకుతారు," అంటూ డాక్టరుగారు కలం మూసి, ఏదో గుర్తొచ్చినట్టు అడిగారు. "మీవైపుగాని, ఆవిడవైపుగాని ఇలాంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారాండి? ఒక్కోసారి కుటుంబాల్లో వస్తుంది."

"ఎవరూ లేరండి," అన్నాడు కృపారావు, ప్రశ్న పూర్తి కాకముందే.

పుష్పలత భర్తవైపు చూసింది. అతను చూడలేదు.

* * *

ఆ రాత్రి కాకినాడలో పుష్పలత పిన్నిగారింట ఉండి మర్నాడు బయల్దేరారు. తిరుగు పంటులో సరంగు కరుణని గుర్తుపట్టి నవ్వాడు. ఈసారి పుష్పలత చెయ్యి పట్టుకుని ఆపలేదు. దగ్గరికి తీసుకుని, "సరంగుగారి పక్కనే నిలబడు. అక్కడే ఉండాలి," అని ఒక్క మాట చెప్పి వదిలింది. ఆయన తాడుకి ముడి ఎలా వెయ్యాలో చూపిస్తుంటే పిల్ల నాలుక బయటపెట్టి మరీ నేర్చుకుంటోంది. కాళ్లు అప్పటికీ ఆడుతూనే ఉన్నాయి. మనిషి మాత్రం అక్కణ్ణించి కదల్లేదు.

పుష్పలత ఆ పిల్లనే చూస్తూ కూర్చుంది. శుక్రవారంనాడు మనసులో అనుకున్న పాడుమాటకి దేవుడు తనని శిక్షించలేదు. పైగా ఆ పిల్లనే మళ్లీ కొత్తగా చేతికిచ్చినట్టుంది. ఎవరెవరికి రుణపడిందో తలుచుకుంటే బుజ్జమ్మ, సరోజిని, డాక్టరుగారు, వెళ్లిరమ్మన్న అత్తగారు, ఒకరి తరవాత ఒకరు గుర్తొస్తున్నారు.

"దానం అన్నయ్య ఇలాగే ఉండేవాడు," అన్నాడు కృపారావు.

గోదావరి నీళ్లకేసి చూస్తూ అన్నాడు. పుష్పలత చప్పున అతనివైపు తిరిగింది. భర్తకి దానం అని ఒక అన్న ఉండేవాడనీ, పదిహేనో ఏట ఇల్లు విడిచి వెళ్లిపోయాడనీ పెళ్లయిన కొత్తలో చుట్టాలెవరో చెప్పారు. ఆ ఇంట్లో మాత్రం ఆ పేరు ఈ పదేళ్లలో ఒక్కసారి కూడా వినలేదు.

"నాన్న వాణ్ణి వసారా స్తంభానికి కట్టేసేవారు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి బైబిలు వాక్యాలు అప్పజెప్పించేవారు. తమ్ముణ్ణి చూసి నేర్చుకోరా అనేవారు. అన్నయ్యకి నామీద కోపం ఉండేది కాదు. నేను తడబడితే కళ్లతో అందించేవాడు. వింటూ వింటూ వాడికే అన్నీ వచ్చేసేవి." సరంగు పక్కనున్న కూతురివైపు తిరిగాడు. "కరుణ గెంతుతూంటే నాకు వాడే కనబడేవాడు పుష్పా. ఇదీ అలా అయిపోతుందేమో, ఒకరోజు లేచి చూస్తే ఉండదేమో అని భయం. ఆ భయంతో ఇంకా కొట్టేను."

పుష్పలత ఇద్దరి మధ్యా ఉన్న సంచీ తీసి ఇవతల పెట్టి, దగ్గరగా జరిగి కూర్చుంది.

* * *

బస్సు దిగి ఇంటికి వెళ్లకుండా పుష్పలత నేరుగా బుజ్జమ్మ గుమ్మంముందు ఆగింది. వెనక కృపారావూ ఆగాడు. మేష్టారు తన పాకముందు నిలబడ్డం చూసి బుజ్జమ్మ కంగారుపడి చేట కింద పెట్టేసింది.

"ఆ రోజునుంచీ నీకో మాట చెప్పలేదు బుజ్జమ్మా," అంది పుష్పలత. ఆపైన చెప్పలేక ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"అయ్యో, ఇదేంటమ్మగారండి! రేవులో ఉన్నాను గాబట్టి తీసేను. పిల్లాడు బావున్నాడా? అదే చాలండి." బుజ్జమ్మ కరుణకేసి చూసి నవ్వింది. "ఈ అమ్మాయిగారు శనివారం పొద్దున్నే నాకాడికొచ్చేరండి. ఈత నేర్పమని ఒకటే పోరు. తమ్ముడు మళ్లీ పడితే తానే తీస్తానంటారు. కాళ్లమీద ఆ దెబ్బలు పెట్టుకుని కుంటుకుంటా వచ్చేరండి పాపం."

పుష్పలత కృపారావు మొహం చూడలేదు. చూస్తే అతను తట్టుకోలేడనిపించింది.

"నేర్పుతావా బుజ్జమ్మా?" అని అడిగాడతను.

"ఆయ్. దానికేం భాగ్యమండి!"

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. సువార్తమ్మ శామూని చంకనేసుకుని గుమ్మంలోనే ఉంది. కృపారావు కాళ్లు కడుక్కుని వచ్చి తల్లి ఎదురుగా కూర్చుని, డాక్టరుగారు చెప్పిందంతా చెప్పాడు. ముసలావిడ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. మొండితనం కాదట అన్నప్పుడు మాత్రం, "కాదా?" అంది. అంతా విన్నాక లేచి లోపలికి వెళ్లి కొబ్బరినూనె గిన్నె తెచ్చుకుని, మనవరాలి కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని, ఆ చారలమీద నెమ్మదిగా రాయడం మొదలుపెట్టింది. పిల్ల కితకితలంటూ కాళ్లు లాక్కుంటోంది. ఆవిడ విసుక్కోకుండా ప్రతిసారీ మళ్లీ దగ్గరికి తీసుకుంటోంది.

పుష్పలత దీపం వెలిగించింది. సాయంకాలం ప్రార్థనకి అందరూ చాపమీద మోకరించారు. రోజూ ఆ కాసేపూ కరుణకి గండం. కదిలితే తొడపాశం. ఈవేళ పుష్పలత దీపం పిల్ల చేతికిచ్చి, "నువ్వు నిలబడి పట్టుకో," అంది. కరుణ దీపంతోపాటు కొంచెం కొంచెం ఊగుతూ నిలబడింది. గోడలమీద నీడలన్నీ ఊగాయి. ఎవరూ ఏమీ అనలేదు.

ప్రార్థన సువార్తమ్మ చేసింది.

"తండ్రీ, ఆ వేళకి బుజ్జమ్మని ఆ రేవులో ఉంచినందుకు నీకు వందనాలు. మా సరోజినికి చూసే కళ్లిచ్చినందుకు వందనాలు. డాక్టరుగారి నోట మంచి మాట పలికించినందుకు వందనాలు. మా కోడలికి అడిగే ధైర్యం ఇచ్చినందుకు వందనాలు." ఇక్కడ పుష్పలత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ముసలావిడ ఆగి, మళ్లీ అందుకుంది. "ఇన్నేళ్లూ నా దానాన్ని కాపాడుతున్నందుకు వందనాలు. మొన్న వాడికొచ్చిన కామెర్లు నెమ్మదింపజేసినందుకు..."

కృపారావు కళ్లు తెరిచాడు.

పుష్పలతా తెరిచింది. సువార్తమ్మ పెదవులు ఇంకా కదులుతున్నాయిగాని మాట రావడంలేదు. ఎవరూ ఆమెన్ అనలేదు. ఇద్దరు పెద్దవాళ్లకీ అడగాల్సినదేమిటో తెలుసు. అడగడానికి నోరు రావడంలేదు.

"దానం ఎవరు మామ్మా?" అంది కరుణ.

సువార్తమ్మ మనవరాలికేసి చూసింది. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది.

"మీ పెదనాన్నే అమ్మా. అచ్చం నీలాగే ఉంటాడు." అప్పుడు కొడుకు వైపు తిరిగింది. "కాట్రేనికోనలో ఉన్నాడురా. పడవలు బాగుచేస్తాడు. పెళ్లాం, పిల్లలు ఉన్నారు. ఏటా ఉపవాస ప్రార్థన కూటాలని నేను ఎక్కడికెళ్తున్నాననుకున్నావు?"

"ఇంత దగ్గర్లోనా?" అన్నాడు కృపారావు. "నాకెందుకు చెప్పలేదే అమ్మా?"

"మీ నాన్న బతికున్నన్నాళ్లూ భయపడి చెప్పలేదు. ఆయన పోయేక చెబుదామనుకున్నాను. అప్పటికి నీ చేతికీ బెత్తం వచ్చింది."

కృపారావు తల వంచుకున్నాడు. ఎత్తినప్పుడు పదేళ్ల పిల్లాడు అడిగినట్టు అడిగాడు. "నన్ను చూడ్డానికి వస్తాడా?"

"వాడు ఈ గడప తొక్కడు. నువ్వే వెళ్లాలి."

"నేనూ వస్తాను!" అని కరుణ దీపం మామ్మ చేతిలో పెట్టి వీధిగుమ్మంలోకి పరిగెత్తింది. చీకట్లో తడుముకుని ఒక కాలికి తన చెప్పూ, ఇంకో కాలికి తల్లి చెప్పూ వేసుకుని, "పదండి నాన్నగారూ," అని నిలబడింది.

పుష్పలత భర్తకేసి చూసింది. అతను లేచి, కూతురి దగ్గరికి వెళ్లి, దాని ముందు గొంతుక్కూర్చుని, మొహంలోకి చూశాడు. పెద్ద చెప్పు విప్పి, దాని చెప్పు వెతికి తొడిగాడు. "పొద్దున్నే వెళ్దాం అమ్మా," అన్నాడు.